సర్వోపయోగ ఫిల్ము, మా వంటింటి గోడ

శివరాత్రి వెళ్లిన మూడో రోజున మా వంటింటి గోడ పడిపోయింది. తనంతట తాను పడలేదు. కాలువల శాఖ వారి నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ దాన్ని గుద్దింది. డ్రైవరు దిగి, పడిన ఇటుకల్ని చూసి, నన్ను చూసి, "హారన్ కొట్టానమ్మా" అన్నాడు. అయినా గోడ పక్కకు తప్పుకోలేదన్న బాధ అతని మొహంలో కనిపించింది.

మేముండేది లాకుల దగ్గర, కాలువల శాఖ క్వార్టర్లలో. మాది ఏడో నంబరు. మా వారు చలపతిరావు గారు ఆ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. వంటింటికి పడమటి వైపు రోడ్డు, రోడ్డుకు అవతల బస్‌స్టాపు. ఆ పడమటి గోడే పోయింది. మర్నాడు ఉదయం నేను పొయ్యి ముట్టించి తలెత్తేసరికి ఎనిమిదీ ఇరవై బస్సు కోసం నిలబడ్డ తొమ్మిదిమంది నా బాణలిలోకి చూస్తున్నారు.

మొదటి రోజు మర్యాదగా చూశారు. రెండో రోజు గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఇంగువ వేయడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు. నిజంగానే మరిచిపోయాను. మూడో రోజు ఒకావిడ తన భర్తను మోచేత్తో పొడిచి, "చూడండి, ఆవిడ ముక్కలు ఎంత సమంగా తరుగుతోందో చూడండి. ఇలా తరగమంటే పళ్లెం నిండా దూలాలు పేరుస్తారు మీరు" అంది. నాలుగో రోజు నుంచి కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి, "ఇవాళేం కూరండీ?" అని అడిగి, నేను చెప్పాక గానీ రైట్ చెప్పేవాడు కాదు.

ఇదంతా ఎలాగో భరించవచ్చు. కానీ మా ఊళ్లో తొలకరి వాన పడమటి నుంచి వస్తుంది. మృగశిర కార్తె వచ్చిందంటే అది నేరుగా నా పొయ్యి మీదకే వస్తుంది. ఈలోగా గోడ లేవాలి. నాకు కావలసింది అంతే.

"మీ ఆఫీసులో ఒక మాట చెప్పండి" అన్నాను మా వారితో.

"మన ఆఫీసును మనమే తొందరపెడితే ఏం బాగుంటుంది?" అన్నారాయన. "నువ్వు వెళ్లు. నువ్వు ప్రజల కిందకి వస్తావు."

కాబట్టి ప్రజల తరఫున నేనే నివాస గృహాల సంరక్షణ కార్యాలయానికి వెళ్లాను. అదీ కాలువల శాఖదే, మా క్వార్టర్ల చివరే ఉంది. హెడ్‌క్లర్కు వీరభద్రం గారు నా దరఖాస్తును రెండుసార్లు చదివారు.

"గోడ పడినట్టు ఆధారం?"

"గోడ లేదండి."

"లేకపోవడం ఆధారం కాదమ్మా. లేకపోవడానికి ఆధారం కావాలి." ఆయన ఒక సర్క్యులర్ తీశారు. "ఈ సంవత్సరం నుంచి, ఏ నష్టమైనా సరే, కార్యాలయపు కెమెరాతో ఫొటో తీసిన తర్వాతే మరమ్మతు. అంతవరకు, ఇదిగో వినండి, 'సదరు నష్టమును యథాతథముగా సంరక్షించవలెను.' పడిన ఇటుకలు మీరు గాని కదిపారా?"

"పొయ్యి దగ్గరివి రెండు పక్కకు జరిపాను."

"మళ్లీ అక్కడ పెట్టండి."

తర్వాత ఆయన సొరుగు తాళం తీసి, పసుపుగుడ్డలో చుట్టిన కెమెరాను బయటికి తీశారు. సబ్బుపెట్టె కంటే కొంచెం చిన్నది. జేబు కెమెరా అట. జేబులో పడుతుంది కాబట్టి ఇకమీదట అధికారులందరూ జేబులున్న చొక్కాలే తొడుక్కోవాలని ఇంకో సర్క్యులర్ విడిగా వచ్చిందట.

"అయితే వచ్చి ఫొటో తీయండి" అన్నాను.

"ఫిల్ము లేదు."

"కొనండి."

ఆయన కెమెరాను మెల్లిగా బల్ల మీద పెట్టారు. నేనేదో అనకూడని మాట అన్నట్టు అటూ ఇటూ చూశారు. "ఏ ఫిల్ము కొనమంటారు? మీరు చదువుకున్నవారు, మీరే చదవండి. 'సదరు కెమెరాకు, సర్వ ప్రయోజనములకు ఉపకరించు ఒకే ఒక ఫిల్మును ఎంపిక చేసి, దానిని మాత్రమే వాడవలెను.' సర్వ ప్రయోజనాలు ఒకవైపు, ఒకే ఒక ఫిల్ము ఇంకోవైపు. మధ్యలో మేం ఉన్నాం."

ఇంటికి వస్తూ మెయిన్‌రోడ్డులో మస్తాన్ గారి స్టూడియో దగ్గర ఆగాను. మా పెళ్లి ఫొటోల దగ్గర నుంచి పిల్లల స్కూలు ఫొటోల దాకా అన్నీ ఆయన తీసినవే. సంగతి చెప్పాను.

"నాలుగువందల స్పీడు ఫిల్ము వేయమను తల్లీ" అన్నారాయన, చేస్తున్న పని ఆపకుండా. "జేబు కెమెరాకి కన్ను చిన్నది. వెలుతురు తక్కువ పడుతుంది. వంద ఫిల్ము వేస్తే ఎండలో బ్రహ్మాండంగా వస్తుంది, ఇంట్లో తీస్తే చీకటి. నాలుగువందలదైతే బయటా పనికొస్తుంది, లోపలా పనికొస్తుంది. బాగా పెద్దది చేసి చూస్తే కాస్త నూక నూకగా ఉంటుందనుకో. గోడ ఫొటో ఎవరు పెద్దది చేసి చూస్తారు?"

ఈ సమాచారానికి నాకు అర నిమిషం పట్టింది. వెనక్కి తిరిగి వెళ్లి వీరభద్రం గారికి చెప్పాను.

"ఎవరు చెప్పారు?"

"మస్తాన్ గారు. ముప్పయ్యేళ్లుగా ఫొటోలు తీస్తున్నారు."

"అదేనమ్మా చిక్కు" అన్నారు వీరభద్రం గారు, నిజంగానే నొచ్చుకుంటూ. "ఫొటోలు తీసేవాడికి ఫిల్ము మీద ఇదివరకే ఒక అభిప్రాయం ఉంటుంది. మాకు కావలసింది నిష్పాక్షికత. ఫొటో అంటే ఏమిటో తెలియని వాళ్లు ఎంపిక చేస్తేనే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు."

ఫొటో అంటే ఏమిటో తెలియని వాళ్లు ఆ కార్యాలయంలో పదకొండుమంది దొరికారు. అందులో నుంచి ఏడుగురిని ఏరి సర్వోపయోగ ఫిల్ము ఎంపిక సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షులు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు దండపాణి గారు. ఆయన బంగళా మా క్వార్టరు పక్కనే. మధ్యలో ఒక కంచె.

మొదటి సమావేశంలో సంఘానికి ఒక మౌలికమైన సందేహం వచ్చింది. సర్వ ప్రయోజనాలకూ పనికొచ్చే ఫిల్మును ఎంచాలంటే ముందు సర్వ ప్రయోజనాలు ఎన్నో తెలియాలి కదా? అందుచేత, తమకు ఫొటోతో ఏమేం ప్రయోజనాలున్నాయో రాసి పంపమని అన్ని విభాగాలకూ తాఖీదులు వెళ్లాయి. ఆ జాబితా శుభ్రంగా రాసిపెట్టే పని మా వారి మీద పడింది. డ్రాఫ్ట్స్‌మన్ చేతిరాత బాగుంటుంది మరి. అలా నేనూ చూశాను.

వరద విభాగం వారికి అమావాస్య నాటి నీటిమట్టాన్ని టార్చి వేయకుండా తీయగల ఫిల్ము కావాలి. గోదాము వారికి సిమెంటు బస్తా విప్పకుండానే లోపలి సిమెంటు గడ్డకట్టిందో లేదో చూపే ఫిల్ము కావాలి. ఆక్రమణల విభాగం వారు, గట్టు మీద పాకలు వేసినవాళ్లు తమను చూడగానే పరుగెత్తుతారు కనుక, పరుగెత్తే మనిషి నిలబడినట్టు రావాలన్నారు. తోటల విభాగం వారు నాటిన మొక్కలు పెరుగుతున్నట్టు ఒకే ఫొటోలో కనిపించాలన్నారు. స్టోర్సు వారు మాత్రం సూటిగా రాశారు: 'రిజిస్టరులో ఉండి గదిలో లేని వస్తువులను ఫొటో తీయుటకు.'

మొత్తం రెండువందల పధ్నాలుగు ప్రయోజనాలు తేలాయి. పన్నెండో పేజీలో, నూట డెబ్బై మూడో ప్రయోజనంగా, 'పడిన గోడలు' ఉంది.

"నీ గోడ వచ్చింది చూడు" అన్నారు మా వారు, గర్వంగా.

మార్చి నెల జాబితాతో గడిచింది. ఏప్రిల్ మొదటి వారంలో మూడు కంపెనీల నుంచి నమూనా ఫిల్ములు వచ్చాయి. వందవి, రెండువందలవి, నాలుగువందలవి. ఇక వాటితో ఏదో ఒకటి తీసి చూడాలి. ఏం తీయాలన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. కాలువ తీశారు, అది కదులుతోంది. ఆఫీసు తీశారు, అది బొత్తిగా కదలడం లేదు. మూడో రోజు సాయంత్రం నేను చారు పోపు పెడుతుంటే సంఘం ఏడుగురూ రోడ్డు మీద బారుగా నిలబడి మా వంటింట్లోకి చూస్తున్నారు.

"అద్భుతం!" అన్నారు దండపాణి గారు. "వెనక మసిబారిన గోడ, ముందు పడమటెండ. పైన పొగ, కింద మంట. స్టీలు గిన్నెల తళతళ. ఎర్ర ఇటుక, పచ్చ కరివేపాకు. కదిలే మనిషి, కదలని మనిషి ఇద్దరూ ఒకరే. అమ్మా, కాస్త కదలండి. చాలు, ఇప్పుడు కదలకండి. వీరభద్రం, ఇక్కడ ఒకే చోట ఎన్ని ప్రయోజనాలు తీరుతున్నాయో లెక్క చూడు."

వీరభద్రం గారు జాబితా తిరగేశారు. "నూట తొంభై ఆరు సార్."

మర్నాడు పొద్దున్నే వచ్చి పడిన గోడ చుట్టూ కొబ్బరితాడు కట్టారు. తాడుకు ఒక బోర్డు వేలాడదీశారు: 'ప్రామాణిక పరీక్షా స్థలము. మార్పులు చేయరాదు.' నష్టంగా ఉన్నంతకాలం మా గోడకు మరమ్మతు చేయాలన్న ఆశ అయినా ఉండేది. ఇప్పుడు దానికి హోదా వచ్చింది.

పరీక్షలు రోజుకు మూడుసార్లు: పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాల వేళ. మొదటి రోజు నేను బీరకాయ కూర వండాను. రెండో రోజు వీరభద్రం గారు కెమెరా కంటికి ఆనించి, దించి, బాణలిలోకి తొంగి చూశారు.

"ఇదేంటమ్మా, వంకాయ?"

"అవునండి."

"నిన్న బీరకాయ, ఇవాళ వంకాయ అయితే పోలిక ఎలా కుదురుతుంది? తేడా ఫిల్ములో ఉందో కూరలో ఉందో సంఘం ఎలా తేల్చుకోవాలి?"

అప్పటి నుంచి పదకొండు రోజులు బీరకాయే వండాను. అదే ఆకుపచ్చ చీర, రోజూ ఉతికి ఆరేసి కట్టుకున్నాను. నాలుగో రోజున మా వారు కంచం ముందు కూర్చుని నా మొహంలోకి చూశారు.

"బీరకాయేనా?"

"ప్రభుత్వ కార్యం."

ఏడో రోజున బస్‌స్టాపులో గొడవ మొదలైంది. గొడుగు పెద్దమనిషి తాడు దగ్గరకు వచ్చి, "ఏమండీ, మేం కూడా రోజూ చూస్తున్నాం కదా, ఒక్క గుత్తివంకాయైనా చేయరా?" అని వీరభద్రం గారి మీదకు వెళ్లాడు. కండక్టరు అసలు అడగడమే మానేసి, అలిగినట్టు అటు తిరిగి రైట్ చెప్పేవాడు.

పదకొండో రోజు ఆఖరి ఫొటో తీశాక నేను లెక్క చెప్పాను. "వీరభద్రం గారూ, మా గోడను మీరు ఇప్పటికి నూట ఎనిమిది ఫొటోలు తీశారు. వాటిలో ఒకటి మా దరఖాస్తుకు జత చేసి పుణ్యం కట్టుకోండి."

ఆయన జాలిగా నవ్వారు. "అవి ఫిల్మును చూపే ఫొటోలమ్మా. గోడను చూపేవి కావు."

"గోడ కనిపిస్తోంది కదా?"

"కనిపిస్తుంది. కానీ ఎంపిక కాని ఫిల్ములో కనిపిస్తుంది. అలా కనిపించడం చెల్లదు."

మే నెల పదో తారీఖున సంఘం అరవై రెండు పేజీల నివేదిక ఇచ్చింది. జేబు కెమెరాకు కన్ను చిన్నది కనుక, నాలుగువందల ఫిల్ము లోపలా బయటా పనికివస్తుంది కనుక, దానినే సర్వోపయోగ ఫిల్ముగా నిర్ణయించారు. పెద్దది చేసినప్పుడు నూకగా కనిపించుట గురించి అనుబంధం కూడా ఉంది. మస్తాన్ గారికి చెబితే, "బాగా కష్టపడ్డారు పాపం" అన్నారు.

పన్నెండో తారీఖున వీరభద్రం గారు కొత్త చొక్కా జేబులో కెమెరా పెట్టుకుని వచ్చారు. తాడు విప్పారు, బోర్డు తీశారు. ఈసారి అసలు ఫొటో. కెమెరా కంటికి పెట్టుకుని ఆయన అలవాటుగా, "నవ్వండమ్మా" అన్నారు. నేనూ అలవాటుగా నవ్వాను. క్లిక్‌మంది.

"ఎప్పుడిస్తారు?" అన్నాను.

"రోల్ అయ్యాక."

"అంటే?"

"ఇందులో ముప్పయ్యారు ఫొటోలుంటాయి. మీది ఒకటి. ముప్పయ్యారూ పూర్తయితే గానీ రోల్ బయటికి తీయకూడదు. దుర్వినియోగం అవుతుంది."

ఇందులో మాత్రం ఆయన్ని అనడానికి లేదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి. పిల్లవాడి పుట్టినరోజుకు వేసిన రోల్ దీపావళికి గానీ కడిగించం.

"మిగతా ముప్పయ్యయిదూ ఏదో ఒకటి తీసేయండి మరి. చెట్లూ పుట్టలూ."

"సంరక్షణ కార్యాలయం నష్టాలనే తీయాలమ్మా. చెట్టు నష్టం కాదు. ఇంకో ముప్పయ్యయిదు నష్టాలు జరగనీయండి. మీరేం కంగారు పడకండి, పాత క్వార్టర్లే కదా."

మృగశిరకు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. నష్టాలు వాటంతట అవి జరిగే దాకా కూర్చోవడం కుదిరే పని కాదు. చెంగు దోపుకుని బయల్దేరాను. ముందు ఎదురువరస తొమ్మిదో నంబరులో మాణిక్యాంబ గారి దగ్గరికి వెళ్లాను. వయసులో పెద్దావిడ. ఒక్క నిమిషం చేతులు ఖాళీగా ఉంచదు.

"పిన్నిగారూ, మీ ఇంట్లో ఏమైనా విరిగిందా?"

"అదేం పలకరింపే తల్లీ, పొద్దున్నే!"

సంగతి విని ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "విరగక ఏం? బాత్రూము తలుపు బందు ఊడి మూడేళ్లయింది. అర్జీ పెడితే ఎవడూ రాలేదు. పిలువు మీ కెమెరా ఆయన్ని."

ఆవిడ వార్త మోసిందంటే మైకు పెట్టి చెప్పినట్టే. సాయంత్రానికి కాలనీ అంతా నష్టాలు వెతుక్కుంటోంది. పగిలిన తూము, బీటవేసిన అరుగు, పెంకు ఎగిరిన కప్పు, గొళ్లెం లేని గేటు. వీరభద్రం గారు చొక్కా జేబు తడుముకుంటూ ఇంటింటికీ తిరిగారు. అయిదు రోజుల్లో ముప్పయ్యారూ పూర్తయ్యాయి. చివరి ఫొటోకు ఏమీ మిగలక, మూడో నంబరు వాళ్లు చెప్పు కాలితో తన్ని ఒక మెట్టు అంచు విరగ్గొట్టుకున్నారు.

అయితే ఫొటో తీసిన నష్టాన్ని యథాతథంగా సంరక్షించాలి కదా. మాణిక్యాంబ గారి బాత్రూము తలుపు సగం తెరిచి ఉండగా ఫొటో తీశారు. ఇక ఆవిడ ఆ తలుపును మూయడానికి వీల్లేదు, పూర్తిగా తెరవడానికీ వీల్లేదు.

"ఏమయ్యా వీరభద్రం" అని రోడ్డు మీదే పట్టుకుని కేకలేసింది. "నేను స్నానం చేయాలా వద్దా?"

"చేయొచ్చు పిన్నిగారూ. పక్కకు ఒదిగి చేయండి. రూల్సులో స్నానం గురించి ఏమీ లేదు."

రోల్ కడిగి ఫొటోలు ఇవ్వడానికి మస్తాన్ గారికి ఒక్క పూట పట్టింది. అవి ఎలా వచ్చాయో చూద్దామని నేను ఆఫీసుకు వెళ్లేసరికి మా ఫొటో అప్పుడే దండపాణి గారి బల్ల మీద ఉంది. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూస్తున్నారు, దగ్గరగా పెట్టి చూస్తున్నారు.

నేను కూడా చూశాను. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. ఆ ఫిల్ము సర్వోపయోగమే, సందేహం లేదు. మసి ఎక్కడా మసిలా లేదు, సాయంత్రపు నీడలా ఉంది. ఇటుకలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. గిన్నెల మీద ఎండ, పైకి లేస్తున్న పొగ, మధ్యలో ఆకుపచ్చ చీరలో నేను నవ్వుతూ గరిటె పట్టుకుని ఉన్నాను.

"ఎంత వెలుతురు!" అన్నారు దండపాణి గారు. "ఎంత గాలి! చూడండమ్మా, ఎంత హాయిగా ఉన్నారో మీరు!"

"నవ్వమంటే నవ్వానండి."

"నవ్వమంటే మాత్రం అసౌకర్యంలో ఎవరు నవ్వుతారు?"

మూడు రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. మా వారే తెచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ముందు కాసిని మంచినీళ్లు తాగు" అని నాకు ఇచ్చారు. ఉత్తర్వు ఇది:

'ఏడో నంబరు క్వార్టరు నందలి నష్టము ఫొటో ద్వారా పరిశీలించబడినది. సదరు ఫొటోలో నష్టము కానరాక, విశేషమైన గాలి, వెలుతురు, నివాసి సంతృప్తి కానవచ్చినవి. కావున మరమ్మతు అవసరము లేదని తేల్చడమైనది. మరియు సదరు వంటగదిని ఆదర్శ వంటగదిగా ప్రకటించి, మిగిలిన అన్ని వంటగదుల పడమటి గోడలను తొలగించుటకు నిశ్చయించడమైనది. ఉన్నతాధికారులు ఆదర్శముగా నిలువవలెను గనుక తొలగింపు కార్యనిర్వాహక ఇంజినీరు బంగళాతో ప్రారంభించబడును. తొలగించిన ఇటుకలను సమీపమున గల ఖాళీ స్థలమున పద్ధతిగా పేర్చి, తదుపరి ఉత్తర్వుల వరకు భద్రపరచవలెను.'

"మరమ్మతు అవసరం లేదట" అన్నారు మా వారు, నెమ్మదిగా. "వానొస్తే ఎలాగే?"

నేను ఆఖరి వాక్యం ఇంకోసారి చదువుకున్నాను. మా ఇంట్లో ఏ కాగితమైనా చివరిదాకా చదివేది నేనే. సైకిలు మీద వెళ్లి ఒక బస్తా సిమెంటు, కొంచెం సున్నం తెచ్చిపెట్టమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఉద్యోగస్థుడి హోదాలో తెలిసినట్టవుతుందని అనుకుని ఉంటారు.

జూన్ నాలుగో తారీఖున, దండపాణి గారు ఏదో సమావేశానికి వెళ్లి ఉండగా, తాపీమేస్త్రి నూకరాజు ఇద్దరు కూలీలతో వచ్చి బంగళా వంటింటి గోడ మీద గునపం వేశాడు. రెండో దెబ్బకే లోపలి నుంచి విశాలాక్షి గారి కేక వినబడింది. ఆవిడ దండపాణి గారి భార్య. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడగా మేమెవరం విని ఎరగం.

"ఎవడ్రా అది? నా పప్పులో ఇటుకపొడి పడుతోంది!"

"ఆర్డరండమ్మగారూ."

"ఎవడిచ్చాడు ఆర్డరు?"

"అయ్యగారేనండి. సంతకం కూడా ఉంది, చూసుకోండి."

ఆవిడ చూసుకుంది. మళ్లీ చూసుకుంది. "రానీ ఆయన్ని" అంది. అప్పటికి గోడ సగానికి పైగా వచ్చేసింది. మిగిలిన సగాన్ని ఉంచమంటే అది ఉంచడానికి ఆర్డరు లేదన్నాడు నూకరాజు.

మధ్యాహ్నానికి కంచె అవతల ఇటుకల గుట్ట లేచింది. నూకరాజు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి మంచినీళ్లకు వచ్చాడు.

"ఈ ఇటుకలు ఎక్కడ పెట్టాలో తెలీడం లేదమ్మగారూ. ఆర్డర్లో దగ్గర్లో ఉన్న ఖాళీ జాగాలో పెట్టమని ఉందట."

"ఉంది" అన్నాను. "దగ్గర్లో ఉన్న ఖాళీ జాగా ఇదే" అని మా వంటింటి గోడ ఉండవలసిన చోటు చూపించాను.

నూకరాజు ఆ జాగా వైపు చూశాడు. నా వైపు చూశాడు. మూలన ఉన్న సిమెంటు బస్తా వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"పద్ధతిగా పేర్చాలని ఉందా అమ్మగారూ అందులో?"

"పద్ధతిగా అనే ఉంది. ఒక వరస మీద ఒక వరస."

"జారిపోకుండా మధ్యలో కాస్త సిమెంటు మాలు వేయమంటారా?"

"అది నీ పనితనం, నాయనా."

వాడు మాలు కలపడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో ఇటుకలన్నీ పద్ధతిగా పేర్చేశాడు. కింద పడి ఉన్న మా పాత ఇటుకలు, కిటికీ చట్రం కూడా దారికడ్డంగా ఉన్నాయని వాటినీ అందులోనే సర్దేశాడు. రెండో రోజున బస్‌స్టాపులో జనం బస్సు ఎక్కడం మాని, పై వరస లేచే దాకా నిలబడ్డారు. గొడుగు పెద్దమనిషి, "ఇక మాకేం తెలుస్తుందండీ, మీ ఇంట్లో ఏం కూరో" అని దిగులుపడ్డాడు. ఆయన మీద నాకు కొంచెం జాలి వేసింది.

బంగళాలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆదర్శ వంటగదుల పథకం మాత్రం మర్నాడే ఆగిపోయింది. ఒక్క గోడ తొలగించి పరిశీలించిన మీదట పథకం తన లక్ష్యాన్ని సాధించిందని నోటీసు బోర్డులో పెట్టారు. దండపాణి గారు తమ గోడ మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకున్నారు. రోల్ అయిపోయింది కదా, కొత్త రోల్‌కు మళ్లీ ఎంపిక జరగాలట. ఫొటోలు తీయించుకున్న మిగతా ముప్పయ్యయిదు నష్టాలూ పరిశీలనలో ఉన్నాయి. మాణిక్యాంబ గారు మాత్రం ఆగలేదు. తలుపుకు తనే తాడు బిగించి మూసేసుకుంది.

మృగశిర ప్రవేశించిన రోజు సాయంత్రం వీరభద్రం గారు చేతిలో రిజిస్టరుతో గుమ్మంలో నిలబడ్డారు. బంగళా ఇటుకల నిల్వ తనిఖీ చేయాలట. ఆయన వెనకే ఆకాశం నల్లబడింది. ఆయన నోరు తెరిచేలోగా వాన మొదలైంది.

"తడుస్తారు, లోపలికి రండి" అన్నాను.

ఆయన వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. పడమటి నుంచి వాన దబదబా కొడుతోంది. లోపలికి ఒక్క చుక్క రావడం లేదు. ఆయన ఇటుకలను కింది వరస నుంచి పై వరస దాకా వేలితో లెక్కపెట్టి, రిజిస్టరులో రాసుకుని, అనుమానంగా తల పంకించారు.

"పేర్పు పద్ధతిగానే ఉందమ్మా. కానీ మధ్యలో ఈ సిమెంటు ఎందుకూ?"

"ఎవరూ ఎత్తుకుపోకుండా."

రాసుకున్నారు. "పైన సున్నం?"

"నిల్వ ఉంచిన సరుకు తడవకూడదు కదండీ."

"నిజమే." అదీ రాసుకున్నారు. "మరి ఈ కిటికీ?"

"మీలాంటివాళ్లు తనిఖీకి వస్తే గాలాడాలని."

ఆయన మొహం విప్పారింది. 'భద్రతా ఏర్పాట్లు మిక్కిలి సంతృప్తికరం' అని రాసి, కింద గీత గీశారు. కాఫీ కలిపి ఇచ్చాను. తాగుతూ ఆయన రిజిస్టరులో ఆఖరి గడి దగ్గర ఆగిపోయారు.

"నిల్వ ఎంతకాలం అని రాయాలమ్మా?"

"మీ ఉత్తర్వులోనే ఉంది, 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని."

"ఓహో" అన్నారు వీరభద్రం గారు. గ్లాసు పక్కన పెట్టి, కలం తీసి, ఆ గడిలో 'శాశ్వతం' అని రాసి సంతకం పెట్టారు.